జపాన్ పల్లెల్లో రుతు పండగలు, జానపద ప్రదర్శన కళలు

జపాన్ పల్లెల్లో ఏడాది పొడవునా జరిగే పండగలను మత్సురి అంటారు. దేవుణ్ని పిలవడం, విందు పెట్టడం, ఆటపాటలతో మెప్పించడం, మళ్లీ సాగనంపడం. చాలా మత్సురులు ఈ పనుల చుట్టూనే నడుస్తాయి. ఆ సేవలో భాగంగా ఊరివాళ్లే కట్టే వేషాలు, వేసే చిందులు, వాయించే మేళం, ఆడే నాటకాలు అన్నిటినీ కలిపి మిన్‌జొకు గెయినో, అంటే జానపద ప్రదర్శన కళలు అని పరిశోధకులు వ్యవహరిస్తారు. నో, కబుకి వంటి నగర రంగస్థల కళలకు వృత్తి కళాకారులు, గురు పరంపరలు, టికెట్లు ఉన్నాయి. పల్లె ఆటకు ఇవేవీ లేవు. ఆడేవాడు రైతో, జాలరో, కలప పనివాడో. ఇప్పుడైతే పురపాలక ఆఫీసు గుమాస్తా, బడిపిల్లవాడు కూడా. చూసేవాళ్లు అతని ఇరుగుపొరుగు. ఎవరి మెప్పు కోసం ఆడుతున్నారో ఆ దేవుడు మాత్రం కంటికి కనిపించడు.

ఈ కళలను తరగతులుగా విడదీసిన పరిశోధకుల్లో హొండ యసుజి (1906–2001) ముఖ్యుడు. ఆయన విభజనలో మూడు పెద్ద తరగతులున్నాయి. దేవుణ్ని ఆవాహన చేసి, శుద్ధి చేసి ఆడేది కగుర. వరి నాట్లకు, పంట కోరికలకు ముడిపడింది దెన్‌గకు. వన్నెల బట్టలు, పూలగొడుగులు, డోళ్లతో గుంపుగా ఆడుతూ రోగాలనూ దుష్టశక్తులనూ ఊరి పొలిమేర దాటించేది ఫుర్యూ. వీటికి తోడు ఇంటింటికీ తిరిగి శుభం పలికే కళలు, బయటి దేశాల నుంచి వచ్చిన కళలు ఉన్నాయి. పుస్తకంలో ఈ విభజన చక్కగా ఉంటుంది గాని ఊళ్లోకి వెళితే నిలవదు. నగనొ ప్రాంతంలోని నీనొ గ్రామంలో జనవరిలో జరిగే మంచు పండగ ఒక్క రాత్రిలోనే ఈ గీతలన్నిటినీ చెరిపేస్తుంది.

వరి పంచాంగం

జపాన్ జానపద విజ్ఞానానికి ఆద్యుడైన యనగిత కునియొ (1875–1962) ఒక సిద్ధాంతం చెప్పాడు. చలికాలమంతా కొండ మీద ఉండే దేవుడు వసంతంలో పొలానికి దిగివచ్చి పొలం దేవుడవుతాడు. కోతలయ్యాక తిరిగి కొండెక్కుతాడు. వంశంలో గతించిన పెద్దలు కాలక్రమాన ఆ దేవుడిలోనే కలిసిపోతారు. తర్వాతి పరిశోధకులు దీన్ని దేశమంతటికీ వర్తింపజేయడానికి ఒప్పుకోలేదు. జాలరి ఊళ్లకూ, పోడు వ్యవసాయంతో బతికిన కొండ పల్లెలకూ వేరే దేవుళ్లున్నారు. అయినా వరి పల్లెల పండగలు ఆ వరసలో ఎందుకు వస్తాయో తెలుసుకోవడానికి ఇంతకన్న సులువైన దారి లేదు.

తేదీల్లో ఒక చిక్కుంది. 1873 జనవరి 1 నుంచి జపాన్ గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. పాత చాంద్రమానం ప్రకారం జరిగే పండగలు కొన్నిచోట్ల అదే అంకె ఉన్న కొత్త తేదీకి మారాయి. కొన్నిచోట్ల ఒక నెల ఆలస్యంగా జరుపుతున్నారు. మరికొన్ని ఊళ్లు ఇప్పటికీ పాత లెక్క వదల్లేదు. పెద్దల పండగ బొన్ ఒకచోట జులై మధ్యలో, చాలాచోట్ల ఆగస్టు మధ్యలో రావడానికి కారణం ఇదే. పున్నమి వెన్నెల్లో ఆడిన ఆట ఇప్పుడు కొన్నేళ్లు అమావాస్య చీకట్లో సాగుతుంది.

జనవరి 15 చుట్టూ వచ్చేది ‘చిన్న కొత్త సంవత్సరం’. సాగు మొదలు కాకముందే ఆ ఏటి పంట బాగా పండినట్టు నటించి చూపడం ఈ కాలపు విశేషం. టోక్యో నగరంలో కలిసిపోయిన ఇతబషి ప్రాంతంలో నేటికీ ఫిబ్రవరి 11, 13 తేదీల్లో ‘పొలం ఆట’ జరుగుతుంది. దున్నడం మొదలు పంట ఇంటికి చేర్చడం దాకా ప్రతి పనినీ మాటలతో, అభినయంతో చేసి చూపిస్తారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, కనుచూపు మేర పొలమనేది లేదు. ఆట మాత్రం మానలేదు.

జనవరి 15 సమయంలోనే కొత్త సంవత్సరపు గడ్డి తోరణాలు, అలంకారాలు కుప్పవేసి తగలబెడతారు. మన భోగి మంటకూ దీనికీ చుట్టరికం ఏదీ లేదు గాని తేదీ, పని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఈ మంటల్లో గొప్పది నగనొలోని నొజవ ఒన్సెన్ గ్రామానిది. జపాన్‌లో మగవాళ్లకు 25, 42 ఏళ్లు గండం వయసులు. జనవరి 15 రాత్రి దుంగలతో కట్టిన పెద్ద మంచె పైన 42 ఏళ్లవాళ్లు కూర్చుంటారు. 25 ఏళ్లవాళ్లు కింద కాపలా కాస్తారు. మిగతా ఊరంతా కాగడాలతో వాళ్ల మీద పడుతుంది. చివరికి రాజీ కుదిరి మంచెకు నిప్పు పెడతారు. మొదటి కొడుకు పుట్టిన ఇళ్లవాళ్లు తెచ్చిన ఎత్తైన దీపస్తంభాలు కూడా ఆ మంటలోనే కాలిపోతాయి. కాలిన గాయాలు ఇక్కడ కొత్త కావు.

అకిత ప్రాంతంలోని ఒగ ద్వీపకల్పంలో డిసెంబర్ 31 రాత్రి నమహగె వస్తారు. గడ్డి కోటు, భయంకరమైన ముఖోటా, చేతిలో చెక్క కత్తి. తలుపులు బాదుతూ లోపలికి దూరి, ఏడ్చే పిల్లలున్నారా, బద్ధకపు కోడలుందా అని అరుస్తారు. ఇంటి యజమాని మంచి బట్టలతో ఎదురొచ్చి, బియ్యపు మద్యం సాకె పోసి, తన ఇంట్లో అందరూ బుద్ధిమంతులేనని వకాల్తా పుచ్చుకుంటాడు. వాళ్లు వెళ్లాక నేల మీద రాలిన గడ్డిపోచలు శుభమని ఆ రాత్రి ఊడ్చరు. చూసేవాళ్లకు ఇది పిల్లల్ని బెదిరించే తమాషాలా ఉంటుంది. ఊరి లెక్కలో నమహగె ఏటా ఒకసారి వచ్చి దీవించి పోయే దేవుడు. ఇలాంటి రాకడ దేవుళ్ల ఆచారాలు పదింటిని కలిపి యునెస్కో 2018లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకినవలోని మియకొ దీవిలో వచ్చే పాంతు వీళ్లందరిలో మొండివాడు. ఒళ్లంతా బురద పూసుకొచ్చి కొత్త ఇళ్ల గోడలకు, ఎదురైనవాళ్ల బట్టలకు పులిమి పోతాడు.

నాట్ల కాలపు పండగల్లో పేరున్నది హిరోషిమా ప్రాంతంలోని మిబు గ్రామపు ‘పూల నాట్లు’. జూన్ మొదటి ఆదివారం జరుగుతుంది. పూలజీనులు కట్టిన ఎద్దులు పొలం దమ్ము చేస్తాయి. పాట నడిపే పెద్ద ససర అనే వెదురు వాద్యం గీస్తూ ఒక చరణం ఎత్తుకుంటే, వరసగా వంగిన ఆడవాళ్లు అందుకుని పాడుతూ నారు నాటుతారు. వాళ్ల వెనక డోళ్లవాళ్లు పుల్లలు గాల్లోకి విసిరి పట్టుకుంటూ వాయిస్తారు. ఒకప్పుడు ఇది నిజంగా నడుం నొప్పి మరిపించే పని పాట. యంత్రాలు వచ్చాక పని పోయి పాట మిగిలింది. 2011లో ఇది యునెస్కో జాబితాకెక్కింది.

ఎండాకాలంలో పురుగును సాగనంపడం ఉంటుంది. గడ్డిబొమ్మను మోసుకుని, కాగడాలతో, డోళ్లతో గట్ల వెంట నడిచి ఊరి పొలిమేరలో వదిలేస్తారు. చాలాచోట్ల ఆ బొమ్మ పేరు సనెమొరి. 1183లో యుద్ధంలో చనిపోయిన సైతో సనెమొరి గుర్రం వరి మోళ్లు తట్టుకుని పడడంతో శత్రువుకు చిక్కాడనీ, ఆ కోపంతో వరిని తినే పురుగై పుట్టాడనీ కథ. పురుగుమందులు వచ్చాక ఈ ఊరేగింపు చాలా ఊళ్లలో ఆగిపోయింది.

బొన్ రోజుల్లో పెద్దల ఆత్మలు ఇంటికి వస్తాయని నమ్మకం. బౌద్ధంతో పాటు వచ్చిన ఈ ఆచారానికి ఊరి ఆట కలిసి బొన్ ఒదొరి అయింది. నీనొలో ఆగస్టు 14 నుంచి మూడు రాత్రులు తెల్లవార్లూ ఆడతారు. ఏ వాద్యమూ ఉండదు, గొంతులే. గిఫు ప్రాంతంలోని గుజో హచిమన్‌లో ఆట జులై మధ్యలో మొదలై సెప్టెంబర్ తొలివారం దాకా సాగుతుంది. ఎవరైనా వలయంలో దూరవచ్చు. అకితలోని నిషిమొనయిలో కొందరు కళ్లు మాత్రం కనిపించే నల్ల ముసుగు వేసుకుంటారు. చచ్చినవాళ్లు ఇలాగే వచ్చి మన పక్కన ఆడుతున్నారనే భావన ఆ ముసుగులో ఉందని చాలామంది చెబుతారు. మిగతావాళ్లు పాత పట్టు ముక్కలు అతికి కుట్టిన బట్టలు కడతారు. ఈ మూడూ, మరో 38 ఆటలూ కలిపి 24 ప్రిఫెక్చర్లకు చెందిన 41 ఫుర్యూ ఆటలకు 2022లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

సెప్టెంబర్ తుపాన్ల నెల. తొయమ ప్రాంతంలోని యత్సువొలో 1 నుంచి 3 దాకా, వరి పొట్టకొచ్చే వేళ గాలిని శాంతపరచడానికి ఒవర పాటలు పాడుతూ వీధుల్లో నెమ్మదిగా ఆడుతూ సాగుతారు. కమాను వాద్యం కొక్యూ వీళ్ల మేళానికి ప్రత్యేకత. కోతలయ్యాక ఊరూరా సింహం ఆట, ఈశాన్యంలో జింక ఆట, పల్లె కబుకి. నగనొలోని ఓషిక గ్రామంలో కబుకి ఆడినట్టు 1767 నాటి ఆధారం ఉంది. అప్పటి ఎదొ షోగున్ల ప్రభుత్వం రైతులు నాటకాలాడడాన్ని మళ్లీ మళ్లీ నిషేధించినా, దేవుడికి సమర్పణ పేరుతో ఊళ్లు ఆడుతూనే వచ్చాయి.

దేవుడికి భోజనం

నొతొ ద్వీపకల్పంలో అయెనొకొతొ అనే ఆచారంలో ఆటా లేదు, మేళమూ లేదు. అయినా ఇంత నిండైన అభినయం మరోచోట దొరకదు. డిసెంబర్ 5న ఇంటి యజమాని సంప్రదాయ దుస్తులు వేసుకుని పొలానికి వెళ్లి పొలం దేవుడి దంపతులను పిలుస్తాడు. పంటను కాచి కాచి, వరి వెన్నుల మొనలు గుచ్చుకుని వాళ్ల చూపు పోయిందని నమ్మకం. అందుకని దారి పొడవునా మెట్టుందనీ గడప ఉందనీ హెచ్చరిస్తూ తీసుకొస్తాడు. పొయ్యి దగ్గర చలి కాచుకోమంటాడు. స్నానాల గదికి తీసుకెళ్లి నీళ్లు వేడిగా ఉన్నాయా అని అడుగుతాడు. తర్వాత విత్తనాల బస్తాల ముందు రెండు విస్తర్లు వేసి ఇది ఎర్ర చిక్కుడు గింజల అన్నం, ఇది చేప, ఇది ముల్లంగి అంటూ ఒక్కొక్కటీ పేరు చెప్పి పెడతాడు. ముల్లంగి రెండు కాళ్లున్నట్టు చీలిందై ఉండాలి. చలికాలమంతా దేవుడు ఆ ఇంట్లోనే ఉంటాడు. ఫిబ్రవరి 9న మళ్లీ విందు పెట్టి పొలానికి పంపుతారు. 2009లో యునెస్కో గుర్తించిన ఈ సేవ ఏ గుడిదీ కాదు, ఒక్కో రైతు ఇంటిది. దాని బలమూ బలహీనతా అక్కడే ఉన్నాయి. ఇల్లు మూతపడితే సేవ ఆగిపోతుంది. 2024 జనవరి 1న వచ్చిన భూకంపం ఈ ద్వీపకల్పంలో వేల ఇళ్లను కూల్చింది.

హన మత్సురి

అయిచి ప్రాంతపు ఈశాన్య కొండల్లో తోయెయి, తొయొనె, షితర అనే మూడు పాలనా ప్రాంతాల పల్లెల్లో నవంబర్ నుంచి శీతాకాలం పొడవునా ఒక్కో ఊరు ఒక్కో రోజున హన మత్సురి చేస్తుంది. పొద్దు బాగా కుంగిపోయిన రోజుల్లో సూర్యుడికీ మనుషులకూ తిరిగి సత్తువ తెప్పించడం దీని ఉద్దేశం. ఈ కోవలోని పండగలన్నిటిలో మరుగుతున్న నీళ్లు తప్పనిసరి. కట్టెల పొయ్యి మీద పెద్ద కొప్పెర, దాని మీద కాగితాలు కత్తిరించి కట్టిన పందిరి. ఆట అంతా ఆ కొప్పెర చుట్టూ మట్టినేల మీద.

మొదట పూజారి తంతు, తర్వాత పూలకిరీటాలు పెట్టుకున్న చిన్నపిల్లలు. రాత్రి పెరిగేకొద్దీ ఆడేవాళ్ల వయసూ వేగమూ పెరుగుతాయి. నలుగురు యువకుల ఆట గంటన్నర దాకా ఆగకుండా సాగుతుంది. చూసేవాళ్లు ఊరుకోరు. పొగకు కళ్లు మండుతుంటే పాట అందుకుంటారు, ఆడేవాళ్లను వెక్కిరిస్తారు, తిడతారు, ఉత్సాహం ఆగకపోతే పక్కనే చిందేస్తారు. ఇక్కడ తిట్టడం మర్యాద తప్పడం కాదు, పండగలో వాళ్ల వంతు. అర్ధరాత్రి దాటాక పెద్ద గొడ్డళ్లతో ఒని, అంటే రాక్షసరూపులు దిగుతారు. వీళ్లలో ముఖ్యుడు సకకి ఒని. పూజారి అతన్ని నిలదీసి నీ వయసెంత, ఎక్కడివాడివి అని అడుగుతాడు. వాదన ముగిశాక ఒని నేలను కాళ్లతో తొక్కుతాడు. ఆ తొక్కుడుతో భూమిలోని చెడు అణగిపోతుందని నమ్మకం. మధ్యలో హాస్యగాళ్లు జనం ముఖాలకు మిసొ అనే సోయా ముద్ద పూస్తారు. తెల్లవారుజామున గడ్డి కుంచెలతో కొప్పెరలోని వేడినీళ్లు అందరి మీదా చల్లుతారు. తడిస్తే ఆ ఏడు జబ్బు రాదు. పొడిగా ఇంటికెళ్లేవాడు ఉండడు.

కొండల్లో తపస్సు చేసే యమబుషి సాధకులు ఈ ప్రాంతానికి తెచ్చిన తంతే దీనికి మూలమని పరిశోధకుల అభిప్రాయం. పూర్వం ఇంతకన్న పెద్దది, రోజుల తరబడి సాగే మహా కగుర ఉండేది. అరవై దాటినవాళ్లు తెల్లని కట్టడంలోకి ప్రవేశించి, మళ్లీ పుట్టినట్టు బయటికి రావడం అందులో ప్రధాన ఘట్టం. 1856 తర్వాత అది ఆగిపోయింది. 1990లో తొయొనెలో ఒకసారి పాత కాగితాల ఆధారంగా మళ్లీ చేశారు.

ఇంత వివరం మనకు దక్కిందంటే అదే ప్రాంతంలో పుట్టిన హయకవ కోతరో పుణ్యం. ఆయన 1930లో రెండు సంపుటాలుగా అచ్చువేసిన ‘హన మత్సురి’ గ్రంథానికి సాటివచ్చే క్షేత్ర పరిశోధన ఆ కాలంలో అరుదు. దూరం నుంచి వచ్చి దీవించిపోయే అతిథి దేవుడు అనే ఒరికుచి షినొబు (1887–1953) భావనకు కూడా ఈ కొండల్లో చూసిన పండగలు ఆధారాన్నిచ్చాయి.

ఊరు ఎలా నడుపుతుంది

పండగ బాధ్యత సాధారణంగా ఏటా ఒక ఇంటికి వంతుగా వస్తుంది. ఆ ఇంటిని తోయ అంటారు. ఆట నేర్పేది ఊరి యువకుల సంఘం. యమగతలోని కురొకవ గ్రామం దీనికి మంచి నమూనా. కసుగ గుడికి చెందిన సుమారు 240 ఇళ్లు ఎగువ, దిగువ అని రెండు మేళాలుగా విడిపోయాయి. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా దాదాపు 160 మంది నో ఆడతారు. నగరాల్లోని అయిదు నో సంప్రదాయాల్లో దేనికీ చెందని వీళ్ల పద్ధతి అయిదు వందల ఏళ్లుగా ఇక్కడే పెరిగింది. ఫిబ్రవరి 1 సాయంత్రం వయసు వరసలో ఎంపికైన పెద్దల ఇళ్లకు దేవుడు వేంచేస్తాడు. అయిదేళ్ల పిల్లవాడు నేల తొక్కే ఆటతో మొదలుపెడితే నో, క్యోగెన్ హాస్యాలు తెల్లవార్లూ సాగుతాయి. పండగకు రోజుల ముందే ఊరంతా చేరి వేలకొద్దీ టోఫు ముక్కలు పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. మేళానికి ఎంత మంది కావాలో టోఫుకు అంతకంటే ఎక్కువ మంది కావాలి. కళను కాపాడడమంటే వేషగాళ్లను కాపాడడమే అనుకునేవాళ్లు ఈ వంటపనిని లెక్కలోకి తీసుకోరు.

హయచినె కగుర ఇందుకు భిన్నం. ఇవతె ప్రాంతంలోని ఓత్సుగునయి, తకె అనే రెండు పల్లెలవాళ్లు పూర్వం కోతల తర్వాత సింహం తలను దేవుడిగా మోసుకుని ఊరూరా తిరిగి ఆడి ధాన్యం తెచ్చుకునేవారు. షిమనె ప్రాంతపు ఇవమి కగుర మరో దారి పట్టింది. వెదురు, కాగితంతో చేసిన పొడుగాటి సర్పాల ఆటతో 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో పేరు తెచ్చుకుని, ఇప్పుడు ఏడాది పొడవునా వేదికలెక్కుతోంది. దీన్ని చెడిపోవడంగా చూసే పండితులున్నారు. అక్కడ కుర్రాళ్లు వరస కట్టి నేర్చుకుంటున్న సంగతి కూడా వాళ్లు చూడాలి.

ప్రభుత్వం, ప్రస్తుతం

మెయిజి ప్రభుత్వం 1868లో షింటో, బౌద్ధాలను విడదీసింది. 1872లో యమబుషి మార్గాన్ని రద్దు చేసింది. అనేక ప్రాంతాల్లో బొన్ ఆటను అనాగరికమని నిషేధించారు. 1906 నుంచి ఊళ్ల గుళ్లను విలీనం చేయడంతో సుమారు 70,000 గుళ్లు పోయాయి. వాటితో వాటి పండగలూ పోయాయి. ప్రకృతి శాస్త్రవేత్త మినకత కుమగుసు (1867–1941) దీన్ని ఎదిరించి జైలు పాలయ్యాడు. 1925లో టోక్యోలో యువజన భవనం తెరిచినప్పుడు పల్లె ఆటలను నగర వేదిక మీదికి రప్పించడం మొదలైంది. 1950 నాటి సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టాన్ని 1975లో సవరించి జానపద కళలకు ప్రత్యేక హోదా కల్పించారు. 1976లో వచ్చిన తొలి జాబితాలోనే హన మత్సురి, కురొకవ నో, హయచినె కగుర ఉన్నాయి. 1992లో పండగలను పర్యాటకానికి వాడుకునే చట్టం వచ్చినప్పుడు జానపద పరిశోధకులు గట్టిగానే విమర్శించారు.

హోదాలు ఊళ్ల ముసలితనాన్నీ వలసనూ ఆపలేకపోయాయి. అంతకుముందే 1956లో సకుమా ఆనకట్ట కట్టినప్పుడు ఊరు వదిలిన తొయొనెవాళ్లు కొందరు తొయొహషి నగరానికి హన మత్సురిని వెంట తీసుకెళ్లారు. అందరికీ ఆ అవకాశం రాలేదు. ఆడపిల్లల్ని చేర్చుకోవడం, బడుల్లో నేర్పడం, వలసపోయినవాళ్లు వచ్చేలా తేదీని శని ఆదివారాలకు మార్చడం ఇప్పుడు మామూలే. 2011 సునామీలో వేషాలు, డోళ్లు కొట్టుకుపోయిన ఈశాన్య తీరపు ఊళ్లు ఇళ్లు లేకపోయినా పులి ఆట, జింక ఆట మళ్లీ మొదలుపెట్టాయి. చనిపోయినవాళ్ల కోసం ఆడడం జింక ఆట పనుల్లో ఒకటి. ఇవతెలోని కొకుసెకి గుడివాళ్లు మరో నిర్ణయానికి వచ్చారు. వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉందని చెప్పే సొమిన్ సాయి పండగను, నడిపే కుటుంబాలవాళ్లు ముసలివాళ్లై, అందుకునేవాళ్లు లేక, 2024 ఫిబ్రవరి 17న చివరిసారి జరిపి ముగించారు.

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు వీటిలో హన మత్సురి చూడడం అంత కష్టం కాదు. తొయొహషి నుంచి ఈద రైలు మార్గంలో తోయెయి స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ భవనాన్నే ఒని ముఖం ఆకారంలో కట్టారు. అక్కడి నుంచి ఆ రోజు ఏ పల్లెలో పండగో ముందే కనుక్కుని వెళ్లాలి. తేదీలు మారుతుంటాయి. టికెట్ ఉండదు. కవరులో కొంత కానుక ఇస్తే పేరు రాసి గోడకు అతికిస్తారు. మందపాటి బట్టలు వేసుకోండి, తడిస్తే బాధపడనివై ఉండాలి.